నెల్లూరులో బడికి ఎకరం స్థలం: బిల్డింగు పోగా మిగిలిన నేలంతా పేవర్ బ్లాకులేనా?

పెన్నఒడ్డు
ఇరవై రెండేళ్లుగా అద్దె మేడల్లో నడుస్తున్న మా బడికి ఇన్నాళ్లకు సొంత స్థలం వచ్చింది. మినీ బైపాస్‌కి దగ్గర్లో ఎకరం. మన లెక్కలో, అంకణం 72 చదరపు అడుగుల చొప్పున, 605 అంకణాలు. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా 640 మంది పిల్లలు.

ఇంజనీరు గారు ప్లాను తెచ్చారు. భవనం నట్టనడుమ. చుట్టూ ప్రహరీ దాకా పేవర్ బ్లాకులు. గేటు దగ్గర గుండ్రటి ఫౌంటెన్. గోడ వెంట ఒక వరస అశోక చెట్లు. స్థలంలో ఇప్పటికే పడమర పక్కన రెండు వేపలు, ఒక నిద్రగన్నేరు ఉన్నాయి. మూడింటికీ ఎర్ర గుర్తు పెట్టారు, కొట్టేయడానికి. ఆగ్నేయం మూల పల్లం. కార్తీకమాసం వచ్చిందంటే అక్కడ మోకాటి లోతు నీళ్లు. అందుకని స్థలం మొత్తం రెండడుగులు గ్రావెల్ తోలి ఎత్తు చేస్తామంటున్నారు.

ఆదివారం కమిటీ మీటింగు. నేను ట్రస్టులో సభ్యురాలినే కానీ టీచర్ని, ఈ పని తెలిసినదాన్ని కాదు. ఆ కాగితం చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఏం అడగాలి, ఎట్టా అడగాలి చెప్పండి.

తడిచెప్పు
ముందు ఆ ఫౌంటెన్ తీయించండి మేడం. నెల్లూరు దోమలకి ఉన్న ఇళ్లు చాలవా, మనం కొత్తది కట్టియ్యాలా?

కరస్పాండెంట్_కావలి
నేనూ చిన్న బడి నడుపుతున్నా, అందుకని రెండో వైపు చెప్తా. మట్టి వదిలితే జూన్‌లో దుమ్ము, నవంబర్‌లో బురద. తల్లిదండ్రులు అడ్మిషన్‌కి వచ్చినప్పుడు మొదట చూసేది గేటు నుంచి ఆఫీసు దాకా నేల శుభ్రంగా ఉందా లేదా అని. పేవర్ బ్లాకు వేసిన ఏడాది నుంచి మా ఆయాకి ఊడ్చే పని సగం తగ్గింది. ఇంజనీరు గారిని తప్పుపట్టే ముందు ఇది కూడా ఆలోచించండి.

పీఈటీ_మాస్టారు
కరస్పాండెంట్ గారూ, ఒక్కసారి పేవర్ బ్లాకు మీద కబడ్డీ ఆడించి చూడండి. ఇరవై ఆరేళ్లు విజిల్ ఊదాను. మట్టి గ్రౌండులో పడిన పిల్లోడు దులుపుకుని లేస్తాడు. బ్లాకు మీద పడినోడి మోకాలి చిప్ప మీద చర్మం చదరంగా లేచిపోతుంది, బ్లాకు అంచు అచ్చు పడుతుంది. ఆఖరు నాలుగేళ్లు నా టేబుల్ సొరుగులో విజిల్ కన్నా దూది, డెట్టాలే ఎక్కువ.

ఇంకోటి. ఏప్రిల్‌లో పదకొండు గంటలకి ఆ బ్లాకుల మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. ప్రార్థనకి పిల్లలు నిలబడేది అక్కడే కదా.

గీతలపని
నేను ఆర్కిటెక్టుని. పుట్టింది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో, పని విజయవాడలో. మేడం చెప్పిన ప్లాను నాకు కొత్త కాదు. భవనం గీసేసి, మిగిలిన చోట ఏదో ఒకటి నింపడం. బడి విషయంలో వరస తిరగేయాలి. నీళ్లు ఎటు పోతాయి, నీడ ఎక్కడుంది, పిల్ల గేట్లోంచి ఎట్టా నడిచొస్తుంది అనే మూడూ ముందు గీసుకుని, భవనం ఆ తర్వాత కూర్చోబెట్టాలి.

మన ఊరి సంగతే చూడండి. నెల్లూరులో ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణంగా. రెండు వైపులా ఎండ నిటారుగా వస్తుంది కాబట్టి కిటికీ పైన రెండడుగుల సన్‌షేడ్ వేస్తే ఆగిపోతుంది. పడమటి ఎండ అట్టా కాదు. రెండు నుంచి ఐదు దాకా ఏటవాలుగా కిటికీలోంచి బెంచీ మీదికే వస్తుంది. ఏ సన్‌షేడూ దాన్ని ఆపలేదు, చెట్టు ఆపుతుంది. అందుకని భవనం పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, తరగతి కిటికీలు ఉత్తర దక్షిణాలకు తెరుచుకోవాలి. పడమర చివర మెట్లు, స్టోర్, ల్యాబు పెట్టొచ్చు. మీ వేపలు రెండూ, నిద్రగన్నేరూ సరిగ్గా ఆ పడమరనే ఉన్నాయి. ఇంకొకరైతే అట్టాంటి నీడ కోసం పదిహేనేళ్లు ఎదురుచూడాలి.

ఇక గాలి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వస్తే తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు అది రానే రాదు, వచ్చిన రోజు మాత్రం ప్రాణం లేచొస్తుంది. మీ పల్లపు మూల ఆగ్నేయమే అన్నారు. దాన్ని ఖాళీగా వదిలితే గాలికీ దారి, నీళ్లకీ చోటు.

సైట్‌మేస్త్రి_ఒంగోలు
గీతలపని సార్ గీత బాగానే ఉంది గానీ నేల సంగతి ఎవరూ అడగలేదే. మేడం, టెస్ట్ పిట్ తీశారా? నల్లమట్టి తగిలిందా?

పెన్నఒడ్డు
తీశారండీ. నాలుగడుగుల దాకా నల్లమట్టి, దాని కింద ఇసక కలిసిన మట్టి.

సైట్‌మేస్త్రి_ఒంగోలు
అయితే వినండి. ఒంగోల్లో మేము పుట్టి పెరిగింది ఆ రేగడి మీదే. వానకి ఉబ్బుద్ది, ఎండకి బీటలిచ్చుద్ది. మే నెలలో ఆ బీటలో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోద్ది. దాని మీద పేవర్ బ్లాకు పరిస్తే రెండో వానాకాలానికి అలలు తేలిద్ది. కింద మెత్తమట్టి తీసేసి గ్రావెల్ పోసి రోలర్ తిప్పకపోతే ఎకరం నిండా పోసిన డబ్బు నీళ్లపాలే.

చెట్ల విషయంలో మాత్రం నేను ఆర్కిటెక్టు సారుతో ఏకీభవించను. రేగడిలో పెద్ద చెట్టు పునాది పక్కనుంటే వేసవిలో తేమంతా లాగేసుద్ది, పునాది కుంగుద్ది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుద్దో అంత దూరంలో గోడ ఉండాలని మా పెద్ద మేస్త్రి చెప్పేవాడు. నిద్రగన్నేరైతే అసలు వద్దు. 2010 మేలో లైలా తుఫానప్పుడు మా వీధిలో నిద్రగన్నేరు కొమ్మ విరిగి రేకుల షెడ్డు మీద పడింది, కింద రెండు బర్రెలు చచ్చిపోయాయి. అది బడి అయ్యుంటే?

గీతలపని
మేస్త్రి గారూ, దూరం మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో సగం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఆ చెట్లు తేమ లాగిన మట్టి అది. ఈ డిసెంబర్లో చెట్లు కొట్టి జనవరిలో పునాది వేస్తే, లాగేవాళ్లు లేక ఆ మట్టి మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది. చెట్టు ఉన్నా తీసినా రేగడి కదులుతుంది. కాబట్టి మందు పునాదిలో ఉంది. రూర్కీలో సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు అట్టాంటి నేల కోసమే అండర్‌రీమ్డ్ పైల్స్ అనే పునాది స్తంభాలు రూపొందించారు. ఒక్కో స్తంభం మట్టి కదిలే పొర దాటి కిందకి దిగి అక్కడ గడ్డలాగా వెడల్పవుతుంది. భవనాన్ని ముప్పై అడుగులు తూర్పుకి జరిపి, పైల్స్ మీద కడితే రెండు గొడవలూ తీరతాయి.

సైట్‌మేస్త్రి_ఒంగోలు
ముప్పై అడుగులు జరిపితే ఒప్పుకుంటా. కొమ్మలు మాత్రం ప్రతి సెప్టెంబర్‌లో, వానలకు ముందే తేలిక చేయించాలి. అది రాతపూర్వకంగా కమిటీ మినిట్స్‌లో ఉండాలి మేడం. లేకపోతే మూడో ఏడు ఎవరూ పట్టించుకోరు.

కానుగనీడ
నర్సరీ నడుపుతాను. అసలు ముప్పు గొడ్డలి కాదు మేడం, ఆ రెండడుగుల గ్రావెల్. చెట్టు ఊపిరి తీసుకునే వేళ్లు పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయి, కొమ్మల చివర దాకా పాకి ఉంటాయి. వాటి మీద రెండడుగులు మట్టి పోస్తే గొడ్డలి పెట్టకుండానే రెండు మూడేళ్లలో తల ఎండిపోతుంది. మా మేనత్త ఊళ్లో గుడి ముందు వేపకి అదే జరిగింది. చుట్టూ ఎత్తు చేసి చక్కగా అరుగు కట్టారు, మానుకి సిమెంటు కూడా పూశారు. ఆకు ముందు పసుపుపచ్చగా అయింది, తర్వాత పైనుంచి ఒక్కో రెమ్మా. ఊరంతా దిష్టి అనుకున్నారు.

పని జరిగేటప్పుడు కూడా కొమ్మల నీడ ఎంత మేర పడుతుందో అంతమేరా వెదురు కంచె కట్టించండి. లోపల ఇసక కుప్ప పోయొద్దు, సిమెంటు కలపొద్దు, లారీ తిప్పొద్దు.

తడిచెప్పు
కొత్త చెట్లు ఏం పెట్టాలో కూడా చెప్పండి కానుగనీడ గారూ. మా కాలేజీ నిండా కోనోకార్పస్సే.

కానుగనీడ
కోనోకార్పస్ వద్దే వద్దు. దాని వేళ్లు పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ 2023లో నిషేధించింది. తురాయి పూసినప్పుడు అందంగా ఉంటుంది గానీ కొమ్మ పెళుసు, ఆటస్థలం పక్కన పెట్టకండి. ప్లానులో ఉన్న ‘అశోక’ నిజానికి నారమామిడి. సన్నగా పైకి పోతుంది, దాని కింద ఒక్క పిల్ల కూడా నిలబడలేదు.

కానుగ, పొగడ, నేరేడు, బాదం పెట్టండి. కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి వెంటనే చిగురేస్తుంది, ఏప్రిల్‌కి చిక్కటి నీడ. నేరేడు మాత్రం దారి మీద వద్దు, జూన్‌లో పండు రాలి నేలంతా నీలం. గ్రౌండు అవతల పెడితే పిల్లలే చూసుకుంటారు దాని సంగతి.

నాలుగుమెట్లు
పచ్చగన్నేరు, గన్నేరు పెట్టించకండి, దయచేసి. రెండూ విషమే. నా చెల్లెలి కూతురు రెండో తరగతిలో ఉండగా బడి గోడ పక్కన పచ్చగన్నేరు కాయ పగలగొట్టి లోపలి పప్పు నమిలింది. ఇంటికొచ్చి వాంతులు. గుండె కొట్టుకోవడం నెమ్మదించిందని రెండు రాత్రులు ఐసీయూలో ఉంచారు. దేవుడి దయ, బతికింది. దేవుడి పూజకని ఆ మొక్క పెట్టినవాళ్లకి చెడు ఉద్దేశం ఏం లేదు. చిన్నపిల్లల చేతికి అందే చోట అది ఉండకూడదు, అంతే.

రెండో_బెల్లు
మొక్కలు బాగా దగ్గరదగ్గరగా నాటే మియావాకీ పద్ధతిలో ఒక మూల చిట్టడవి పెంచితే ఎట్టా ఉంటుంది? ఈ మధ్య అన్ని చోట్లా పెడుతున్నారు.

పీఈటీ_మాస్టారు
సార్, ఎకరంలో 640 మంది పిల్లలు. అంత దట్టంగా పెంచితే లోపల ఏముందో కనపడదు. వానాకాలం పాములొస్తాయి, బంతి పోయిందని పిల్లోడు లోపలికి దూరతాడు. పెద్ద క్యాంపస్‌లో బాగుంటుందేమో. బడిలో కింద ఖాళీగా, పైన గొడుగులాగా ఉండే చెట్టు కావాలి. వరండాలో నిలబడితే గ్రౌండు ఆ చివర దాకా నా చూపు పోవాలి.

రెండో_బెల్లు
ఒప్పుకున్నా మాస్టారూ, ఆ కోణం నాకు తట్టలేదు.

పెన్నఒడ్డు
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఒక చిక్కు ఉంది. వాస్తు చూసిన సిద్ధాంతి గారు ఆగ్నేయం పల్లం ఉండకూడదు, పూడ్చాల్సిందే అన్నారు. ట్రస్టులో పెద్దాయనకి ఆయన మాట వేదం.

గీతలపని
పెద్దాయనతో వాదనకి దిగొద్దు మేడం. పడమర, దక్షిణాలు బరువుగా ఉండాలన్నదీ వాస్తు మాటే కదా. పడమర మూడు పెద్ద చెట్లు ఉంచడానికి ఆయన అభ్యంతరం చెప్పరు, అది ముందు గెలవండి. సంపు ఈశాన్యంలో పెట్టండి. ఆగ్నేయం మూల గురించి మాత్రం ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

వంద మిల్లీమీటర్ల వాన అంటే ఒక్కో చదరపు మీటరు మీద వంద లీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఒక్క రోజులో నాలుగు లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనభై వరసగా వచ్చి మీ స్థలంలో కుమ్మరించి పోయినట్టు. ఈశాన్య రుతుపవనాల్లో మనకి అట్టాంటి రోజు అరుదేం కాదు. మొత్తం ఎత్తు చేసి బ్లాకులు పరిచేస్తే ఆ నీళ్లన్నీ పోయేది పక్కింటి వాకిట్లోకి.

దర్గామిట్ట_నాన్న
అదే జరిగింది మాకు. మా వెనక వీధిలో ఒక విద్యాసంస్థ స్థలం మూడడుగులు లేపారు. అంతకుముందు మా ఇంట్లో ఎప్పుడూ నీళ్లు రాలేదు. 2021 నవంబరులో, పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, మా హాల్లో గోధుమ పిండి డబ్బా తేలింది. నది నీళ్లు మా వీధి దాకా రాలేదు. వచ్చినవి ఆ ప్రహరీ కింద తూముల్లోంచి వచ్చిన వాన నీళ్లు. బడి కట్టేవాళ్లు పక్కింటి గడప ఎంత ఎత్తుందో కూడా కొలవాలి.

సైట్‌మేస్త్రి_ఒంగోలు
రీఛార్జి గుంతలు తవ్వితే నీళ్లు ఇంకుతాయని ప్లాన్లో చూపిస్తారు. రేగడిలో ఆ గుంత బకెట్ లాగా నిండి అట్టాగే ఉంటది. మూడు చోట్ల తవ్వాను, మూడూ దోమలకే పనికొచ్చాయి.

గీతలపని
మేడం వాళ్లకి నాలుగడుగుల కింద ఇసక మట్టి ఉంది కదండీ. నల్ల పొర దాటే దాకా తవ్వి, కంకర, ఇసక నింపితే ఇంకుతుంది. నా మాట నమ్మొద్దు. ఐదడుగుల గుంత తీయించి, నిండా నీళ్లు పోసి, పుల్ల గుచ్చి గీతలు పెట్టి గంట గంటకీ చూడండి. మర్నాటికల్లా ఇంకితే గెలిచినట్టు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది, రెండు మూడు రోజుల్లో నీళ్లు పోతే దానికి ఆ టైము దొరకదు.

పల్లాన్ని పూర్తిగా పూడ్చకుండా అడుగున్నర లోతు గడ్డి నేలగా ఉంచండి, అంచులు వాలుగా. భవనం కప్పు 11,000 చదరపు అడుగులు అనుకుంటే వంద మిల్లీమీటర్ల వానకి దాని నీళ్లు లక్ష లీటర్లు. వాటిని ఆపడానికి 34 అంకణాలు, అంచుల వాలుకి ఇంకొంచెం చాలు. పొడి నెలల్లో పిల్లలు ఆడుకుంటారు, వాన రోజు చుట్టూ ఉన్న చిన్న కంచె గేటు మూసేస్తారు.

కరస్పాండెంట్_కావలి
34 అంకణాలు బైపాస్ దగ్గర ఎంత ఖరీదో తెలుసా సార్! అయినా ఒప్పుకుంటా, ఆ ట్యాంకర్ల లెక్క చూశాక నా బడి వెనక ఎందుకు నీళ్లు నిలుస్తున్నాయో అర్థమైంది. మరి దుమ్ముకి జవాబు చెప్పండి.

పీఈటీ_మాస్టారు
గేటు నుంచి వరండా దాకా దారి, బస్సు ఆగే చోటు బ్లాకులే వేసుకోండి, నేనూ వద్దనను. గ్రౌండుకి ఎర్ర గ్రావెల్ సన్నంగా జల్లించి పోసి, తడిపి రోలర్ తిప్పి, వందడుగులకి ఒక అడుగు వాలు పెడితే వాన వెలిసిన రెండు గంటలకి ఆడొచ్చు. ఎండాకాలం సాయంత్రం పిచికారీ చేస్తే దుమ్ము లేవదు. చేతులు కడిగే కొళాయిల నీళ్లు దానికే వాడాం మేము.

దర్గామిట్ట_నాన్న
గేటు గురించి ఎవరూ అడగలేదు. మా పాప చదివే బడికి గేటు సరిగ్గా రోడ్డు అంచున ఉంది. పొద్దున 8:40కి అక్కడ నిలబడితే చాలు. షేర్ ఆటోలు మూడు వరసలు, మధ్యలో బైకులు, వెనక నుంచి బస్సు హారన్. పోయిన ఏడు యూకేజీ పిల్లోడి బ్యాగు పట్టీ ఆటో హుక్కుకి తగులుకుని నాలుగడుగులు లాక్కెళ్లింది. ఆటో ఆయనే చూసి ఆపాడు, పాపం చేతులు వణికిపోయాయి ఆయనకి. మీరు గేటుని రోడ్డు నుంచి నలభై అడుగులు లోపలికి పెట్టండి మేడం. ఆటోలు ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవాలి. నడిచొచ్చే పిల్లలకి వేరే చిన్న గేటు, చక్రం తిరగని దారి.

చీమకుర్తి_రాయి
మెట్లకి, ర్యాంపుకి పాలిష్ గ్రానైట్ వేయించొద్దు. అమ్మేవాణ్ణి నేనే చెప్తున్నా. తడి కాళ్లకి అది గాజు. మంట చూపించి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ అడగండి. చెట్ల కింద బెంచీలకి మా దగ్గర రాతి బ్లాకు కోయగా మిగిలిన పక్కరాళ్లు ఉంటాయి, లారీ కిరాయే ఖర్చు. నల్లరాయి కాబట్టి నీడలోనే పెట్టండి, ఎండలో పెడితే ఎవరూ కూర్చోలేరు.

నాలుగుమెట్లు
ర్యాంపు మాట వచ్చింది కాబట్టి. మా వాడు చక్రాల కుర్చీలో బడికి పోతాడు. నా పేరే దాని గురించి. వాడి పాత బడికి నాలుగు మెట్లు, పక్కన పేరుకి ఒక సిమెంటు జారుడు. నేను వెనక నుంచి తోస్తే నా చెప్పులే జారేవి, వాడు రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని ‘అమ్మా వదలొద్దు’ అనేవాడు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి. వరద భయానికి పునాది మూడడుగులు లేపితే ముప్పై ఆరడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి చదును వేరే. అంత చోటు ఇప్పుడే కాగితం మీద వదలకపోతే తర్వాత దొరకదు. వాడు అందరితోపాటు ముందు గుమ్మంలోంచే రావాలి, వెనక వంటగది వైపు నుంచి కాదు.

రెండో_బెల్లు
పైన చెప్పినవి కమిటీలో దయ అడిగినట్టు అడగొద్దు అమ్మా. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఆటస్థలం, అడ్డంకి లేని దారి, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ లేదా కంచె రాసి ఉన్నాయి. ఆ కాగితం పట్టుకెళ్లండి.

వంటగది, క్యాంటీన్ తరగతుల కింద పెట్టనివ్వొద్దు. 2004 జూలైలో తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి తగలబడి 94 మంది పిల్లలు పోయారు. నిప్పు మొదలైంది వంటపాకలో. హెడ్మాస్టరుగా ఆ వారం నేను తరగతుల్లో తిరుగుతూ ఒక్కో తలుపూ తీసి వేసి చూసుకున్నాను. భవనం చుట్టూ ఫైరింజను తిరిగే దారి ఉండాలి. గేటు మీద అందానికి కట్టే ఆర్చీ తక్కువ ఎత్తులో ఉంటే ఫైరింజను బయటే ఆగిపోతుంది.

మల్లిక_టీచర్
ఆడపిల్లల టాయిలెట్లు స్థలం చివర, ప్రహరీ మూలలో పెట్టనివ్వకండి మేడం. మా బడిలో అక్కడే ఉన్నాయి. గ్రౌండు దాటి పోవాలి, మగపిల్లలందరూ చూస్తుంటారని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు పొద్దున్నుంచి నీళ్లే తాగరు. స్టాఫ్‌రూమ్ వైపు, కప్పున్న నడవాలోంచి పోయేట్టు ఉండాలి.

పెన్నఒడ్డు
మీటింగు అయింది. మూడున్నర గంటలు.

చెట్లు మూడూ ఉంటాయి. పడమర బరువుగా ఉండాలన్న మాటకి పెద్దాయన వెంటనే తల ఊపారు. భవనం తూర్పుకి జరుగుతోంది, ఎంత అనేది ఇంజనీరు గారు మళ్లీ గీస్తారు. ఆయన మంచివాడు, ట్యాంకర్ల లెక్క తనే బోర్డు మీద వేసి చూపించారు. గ్రావెల్ భవనం కిందా, బస్సు దారి కిందా మాత్రమే. ఫౌంటెన్ పోయింది. టాయిలెట్ల సంగతి నేను చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు, వెంటనే మార్చారు. గేటు ఇరవై ఐదడుగులు లోపలికి, నలభైకి ఒప్పుకోలేదు. ఆర్చీ దాత పేరు మీద కట్టాల్సి ఉంది, ఎత్తు పెంచుతామన్నారు గానీ రాసివ్వలేదు. ఆగ్నేయం మూల ఇంకా తేలలేదు. గుంత తవ్వి చూశాకే మాట్లాడదామన్నారు.

నిన్న తవ్వించాం. సాయంత్రం ఐదింటికి నీళ్లు నింపి వెదురు పుల్ల గుచ్చాను. ఈ పొద్దున ఆరున్నరకి పోయి చూస్తే నాలుగడుగుల గీత కింద తడి మట్టి, అడుగున జానెడు నీళ్లు. ఫోటో తీసి పెద్దాయనకి పంపాను. చూశారు, ఇంకా జవాబు రాలేదు.

సైట్‌మేస్త్రి_ఒంగోలు
పదమూడున్నర గంటల్లో ఐదడుగులకి జానెడే మిగిలిందంటే ఇసక పొర పనిచేస్తున్నట్టే మేడం. నా మూడు గుంతలు నల్ల పొరలోనే ఆపేశాను, ఇప్పుడు తెలిసింది. ఇంకో రెండు రోజులు మళ్లీ మళ్లీ నింపి చూడండి, మట్టి బాగా తడిశాక ఎంతసేపు పడుతుందో అదే అసలు లెక్క. గుంత చుట్టూ కర్రలు పాతి తాడు కట్టించండి, రాత్రిపూట గొడ్లు పడతాయి.

కానుగనీడ
వేపల చుట్టూ వెదురు కంచె కట్టారా?

పెన్నఒడ్డు
రేపు కడుతున్నారు. మధ్యాహ్నం కొమ్మల నీడ ఎక్కడిదాకా పడితే అక్కడిదాకా పదో తరగతి పిల్లలతో సున్నంతో గీత గీయించాను.